రెండో బేస్ గిటార్ కొందామని పోతే... 1951 నుంచి మాదన్నపేట దాకా

ముందు ఒక చిన్న రిక్వెస్ట్. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు ఊగుతుంది. ఫోన్ స్పీకర్‌కి అంత కింది సౌండ్ ఇచ్చే సీన్ లేదు. మీకు వినిపించేది దాని పైన ఉండే హార్మోనిక్స్ మాత్రమే, కింది నోటును మీ మెదడే ఊహించుకుంటుంది. అంటే మీరు ఇన్నేళ్లుగా ఫోన్‌లో విన్న బేస్‌లో సగం మీ తలలోనే తయారైంది అన్నమాట.

రెండో విషయం, వెనక ఏదైనా ఆటో హారన్ వినిపిస్తే ఏమనుకోవద్దు. మాది మాదన్నపేట. మండికి కూరగాయల ఆటోలు తెల్లారకముందే మొదలవుతాయి. నేను రాత్రి రికార్డ్ చేస్తా, కానీ ఇవాళ లేటయింది.

ఇక మేటర్‌కి వద్దాం. నా దగ్గర ఒక బేస్ ఉంది. బీటెక్ అయిపోయి మొదటి జాబ్‌లో చేరినప్పుడు మూడో నెల జీతంతో కొన్నది, నాలుగు తీగలది, బిగినర్ మోడల్. జాబ్ మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో పక్కన పెట్టగలిగింది 90 వేలు. దాంతో రెండో బేస్ కొనాలి. లక్షకు దగ్గర్లో కొత్త మెక్సికో ఫెండర్ వస్తుంది, కొంచెం బేరమాడితే నా బడ్జెట్‌లో పడుతుంది. ఆర్డర్ పెట్టేద్దాం అనుకుంటున్న రోజే మా గల్లీ చివర ఉండే చాచా ఫోన్ చేశాడు. ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవాడు. "బేటా, నా ఫెండర్ అమ్ముతున్న. 62 మోడల్ అంటున్నరు అందరు. నీకైతే 80కి ఇస్తా" అన్నాడు.

62 మోడల్, 80 వేలకి! తెలిసినవాళ్లకు ఇక్కడే గుండె ఆగుతుంది. తెలియనివాళ్లకు ఎందుకు ఆగాలో ఈ ఎపిసోడ్‌లో చెప్తా.

1950కి ముందు బ్యాండ్‌లో బేస్ అంటే డబుల్ బేస్. మనిషి కన్నా ఎత్తు, నిలబడి వాయించాలి, కారు టాప్ మీద కట్టుకుని పోవాలి. ట్రంపెట్లు, డ్రమ్స్ మధ్య దాని సౌండ్ ఎవరికీ వినపడేది కాదు. పైగా దానికి ఫ్రెట్లు ఉండవు, వేలు ఒక ఇసుమంత అటూ ఇటూ పడితే అపస్వరం. కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియోలు రిపేర్ చేసుకునే లియో ఫెండర్ 1951లో దీనికి ఒక పరిష్కారం తెచ్చాడు. చెక్క పలక లాంటి బాడీ, 34 అంగుళాల తీగ పొడవు, ఫ్రెట్లున్న నెక్, ఒక పికప్. ఫ్రెట్ల వల్ల నోటు కచ్చితంగా పడుతుంది కాబట్టి దాని పేరు ప్రెసిషన్ బేస్. లియోకి గిటార్ వాయించడం రాదు, ఇది నిజం. యూజర్ కాని డెవలపర్ రాసిన మంచి సాఫ్ట్‌వేర్ చూశారా ఎప్పుడైనా? నేను ఇదొక్కటే చూశా. 1957లో పికప్‌ను రెండు ముక్కలు చేశాడు, 1960లో జాజ్ బేస్ తెచ్చాడు. అంతే. ఇవాళ షాపులో గోడకి వేలాడే బేస్‌లలో చాలావాటి ఆకారం అప్పటిదే.

ఇప్పుడు ఈ వింటేజ్ పిచ్చి ఎక్కడ మొదలైందో చూద్దాం. దానికంటే ముందు ఒక తమాషా గమనించండి. మనం వింటేజ్ వింటేజ్ అని కలవరించే రికార్డులు వాయించినవాళ్లలో చాలామంది వింటేజ్ కొనలేదు. కొందామన్నా అప్పటికి ఆ వస్తువు పుట్టి పదేళ్లే.

పాల్ మెకార్ట్‌నీని తీసుకోండి. 1961లో హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారంలో ఉండే హాఫ్నర్ బేస్ కొన్నాడు, దాదాపు 30 పౌండ్లకు. ఎందుకంటే ఫెండర్ అయితే 100 పౌండ్ల దాకా పెట్టాలి, అంత డబ్బు లేదు. ఇంకో కారణం, ఆయనది ఎడమ చేతివాటం. హాఫ్నర్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తిప్పి పట్టుకున్నా వంకరగా కనపడదు. అంతే లాజిక్. ఆ బేస్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి పోయింది. యాభై ఏళ్ల తర్వాత దొరికి ఆయన దగ్గరికి చేరిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. 30 పౌండ్ల బడ్జెట్ ఐటమ్ కోసం ప్రపంచమంతా వెతికింది.

ఇంకొకాయన జేమ్స్ జేమర్సన్, డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ స్టూడియో బేసిస్ట్. 1960ల అమెరికన్ పాప్‌లో మీ కాలు తెలియకుండా ఊగిన పాట ఉందంటే అందులో ఈయన ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఈయన బేస్ 1962 ప్రెసిషన్. ఆయన దృష్టిలో అది పని సామాను, వడ్రంగికి బాడిశ లాగా. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు ఫ్లాట్‌వౌండ్, అంటే పైన నున్నగా ఉండేవి. వాటిని మార్చేవాడు కాదు. ఏళ్ల తరబడి అవే తీగలు, చెమట, మురికి. ఆ డుబ్ డుబ్ అనే సౌండ్‌లో సగం ఆ చచ్చిపోయిన తీగల మహిమే. 1983లో ఆయన చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆ బేస్‌ని ఎవరో దొంగిలించారు. అది ఇంకా దొరకలేదు.

(ఇక్కడ ఫ్లాట్‌వౌండ్ తీగలతో, మామూలు తీగలతో ఒకే లైన్ వాయించి చూపించాను. తేడా వీడియోలో వినండి.)

సరే, మరి 62 అంటే అంత రేటు ఎందుకు? దీనికి సమాధానం 1965 జనవరి. ఆ నెలలో లియో ఫెండర్ ఆరోగ్యం బాగాలేదని కంపెనీని సీబీఎస్‌కి అమ్మేశాడు. టీవీ, రేడియో కంపెనీ. రేటు 1 కోటి 30 లక్షల డాలర్లు. మనలో స్టార్టప్‌లో పనిచేసినవాళ్లకు తర్వాత కథ చెప్పక్కర్లేదు. పెద్ద కంపెనీ కొంటుంది, టార్గెట్లు వస్తాయి, ప్రొడక్షన్ పెరుగుతుంది, పాతవాళ్లు ఒక్కొక్కళ్లూ వెళ్లిపోతారు. మర్నాడే క్వాలిటీ పడిపోయిందా అంటే లేదు. గోడౌన్‌లో ఉన్న పాత పార్ట్‌లతోనే ఇంకొన్నాళ్లు నడిచింది. అందుకే 1965 డిసెంబర్ బేస్ చెత్త, 1964 డిసెంబర్ బేస్ బంగారం అనే మాట నాకు నవ్వు తెప్పిస్తుంది. కానీ 1970ల్లో మాత్రం నిజంగానే తేడా వచ్చింది. పెయింట్ మందంగా పోసేవాళ్లు, జాజ్ బేస్‌లో నెక్ బిగించే నాలుగు స్క్రూలను మూడు చేశారు, నెక్ సాకెట్‌లో లూజుగా ఉండే పీసులు వచ్చాయి. దాంతో వాయించేవాళ్లు పాతవి వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ప్రీ సీబీఎస్" అనే మాట అలా పుట్టింది. అంటే వింటేజ్ అనేది మొదట్లో ఒక కంప్లెయింట్, మార్కెట్‌గా మారింది ఆ తర్వాతే.

తమాషా ఏంటంటే ఆ 1970ల సరుకు కూడా ఇప్పుడు వింటేజే. దానికి మార్కస్ మిల్లర్ పెద్ద కారణం. ఆయనది 1977 జాజ్ బేస్, వింటేజ్ గురువుల లెక్కలో అది చెడిపోయిన కాలం. న్యూయార్క్‌లో రోజర్ సడౌస్కీ దాని లోపల ప్రీయాంప్ పెట్టి ఇచ్చాడు. దాంతో ఆయన వాయించిన స్లాప్ సౌండ్ కోసం ఇప్పుడు జనం 1970ల జాజ్ బేస్‌లే వెతుకుతున్నారు. లియో కూడా ఊరికే కూర్చోలేదు. 1976లో మ్యూజిక్ మ్యాన్ అనే కొత్త కంపెనీలో బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ ఉన్న స్టింగ్‌రే బేస్ తెచ్చాడు. పాతదాన్ని పూజించే జనానికి ఆ పాతది చేసినాయనే కొత్తది ఇచ్చి పోయాడు.

ఇదే టైమ్‌లో జపాన్‌లో ఇంకో కథ. 1970ల్లో అక్కడి ఫ్యాక్టరీలు అమెరికన్ గిటార్లను అచ్చుగుద్దినట్టు కాపీ చేయడం మొదలుపెట్టాయి. మొదట్లో వచ్చినవి అంతంత మాత్రం. దశాబ్దం చివరికి వచ్చేసరికి కాపీ అసలుని దాటేసింది. సీబీఎస్‌కి భయం పట్టుకుంది, కానీ కోర్టులో కొట్లాడే బదులు వాళ్లతోనే చేతులు కలిపింది. 1982లో ఫెండర్ జపాన్ మొదలైంది, తయారీ మత్సుమోటోలోని ఫుజిగెన్ ఫ్యాక్టరీలో. అదే సంవత్సరం అమెరికాలో కూడా 57, 62 మోడళ్లకు నకళ్లు తీశారు. కంపెనీ తన పాత సరుకుని తనే కాపీ కొట్టి కొత్తగా అమ్మడం అక్కడ మొదలైంది. ఇవాళ రెండు లక్షలు దాటే అమెరికన్ వింటేజ్ సిరీస్ దాకా అదే లైన్. 1985లో సీబీఎస్ ఆ కంపెనీని ఉద్యోగులకే అమ్మేసింది, 1 కోటి 25 లక్షల డాలర్లకు. ఇరవై ఏళ్ల తర్వాత, కొన్నదానికన్నా తక్కువకి! ఆ డీల్‌లో ఫుల్లర్టన్ ఫ్యాక్టరీ కూడా లేదు. అందుకే కొన్నాళ్లు జపాన్ బేస్‌లే దిక్కయ్యాయి.

ఇదంతా అమెరికా, జపాన్. మన దగ్గర పరిస్థితి ఏంటి?

1991కి ముందు విదేశీ సరుకు దిగుమతి అంటే లైసెన్సుల లొల్లి. మామూలు పిల్లాడికి గిటార్ అంటే కోల్‌కతాలో చేసిన గివ్సన్. మా మేనమామది ఇప్పటికీ అటక మీద ఉంది, తీగకీ ఫ్రెట్‌బోర్డుకీ మధ్య బస్సు పోయేంత గ్యాప్. మంచి బేస్ కావాలంటే ఎవరైనా బయటి దేశం నుంచి సామాన్లలో తేవాలి. పాతబస్తీలో చాలా ఇళ్ల నుంచి ఒకరైనా గల్ఫ్‌కి పోయినవాళ్లు ఉంటారు. టేప్ రికార్డర్లు, కుట్టుమిషన్లు వచ్చిన దారిలోనే కొన్ని కీబోర్డులు, గిటార్లు కూడా వచ్చాయి.

మనకు బేస్ అంటే ఏంటో నేర్పింది మాత్రం సినిమా పాటే. మద్రాసు స్టూడియోలు. ఇళయరాజా గారి బృందంలో బేస్ గిటార్ శశిధరన్ గారిది. 1980ల పాటల్లో ఆ బేస్ వినండి, రూట్ నోటు పట్టుకుని కూర్చోదు, పల్లవి కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. 1989లో వచ్చిన గీతాంజలి పాటలు గాత్రం పక్కన పెట్టి బేస్ ఒక్కదాని కోసం ఒకసారి వినండి, తర్వాత నాకు చెప్పండి. నేను ఈ వాయిద్యం పట్టుకోవడానికి కారణమే అది. తర్వాత రెహమాన్ గారి పాటల్లో కీత్ పీటర్స్ గారి బేస్. చాచా లాంటివాళ్లు ఇవన్నీ క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకుని, రాత్రి ఫంక్షన్‌లో వాయించారు. వాళ్ల చేతిలో ఏ మోడల్ ఉందో అక్కడ అడిగే నాథుడు లేడు. బిర్యానీ ఎప్పుడు పెడతారని అడిగేవాళ్లే.

ఒక్క సైడ్ ట్రాక్, ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. వింటేజ్ లెక్కల్లో ఫ్రెట్‌బోర్డు చెక్క పెద్ద టాపిక్. రోజ్‌వుడ్ విషయంలో ఫెండర్ వాళ్లు మొదట బ్రెజిల్ రకం వాడారు, 1960ల మధ్య నుంచి ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారారు. ఇండియన్ రోజ్‌వుడ్ అంటే ఏంటో తెలుసా? మన జిట్రేగి. మన అమ్మమ్మల ఇళ్లల్లో బీరువాలు, మంచాలు చేసే జిట్రేగి. 2017 జనవరిలో అంతర్జాతీయ ఒప్పందం కింద రోజ్‌వుడ్ జాతులన్నిటికీ పర్మిట్ పెడితే, ఫెండర్ మెక్సికో మోడళ్లకు పావ్ ఫెరో అనే దక్షిణ అమెరికా చెక్క వేసింది. 2019 చివర్లో తయారైన వాయిద్యాలకు మినహాయింపు వచ్చింది. మన అడవి చెట్టు కాలిఫోర్నియాకి పోయి, గిటారై, డాలర్ల రేటుతో మళ్లీ మన దగ్గరికి రావడం... సరే, ఆ ఎపిసోడ్ ఇంకెప్పుడైనా.

ఇక చాచా ఇల్లు. రేకుల ఇల్లు, మంచం మీద దుప్పటి పరిచి బేస్‌ని పడుకోబెట్టాడు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. తల మీద ఫెండర్ పేరు. నేను దాన్ని చేతిలోకి తీసుకోకముందే ఒకటి చూశా. తల దగ్గర చిన్న నల్ల ప్లాస్టిక్ మూత. నెక్ వంపు సరిచేసే రాడ్ అక్కడి నుంచి తిప్పుతారు. నిజమైన 62లో అది తల దగ్గర ఉండదు, నెక్ ఇంకో చివర, బాడీ దగ్గర ఉంటుంది. వెనక్కి తిప్పా. నాలుగు స్క్రూల ఇనుప ప్లేటు మీద సీరియల్ నంబర్ లేదు. "స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్, మేడ్ ఇన్ జపాన్" అని చెక్కి ఉంది. 1970ల జపాన్ కాపీల మీద ఉండే ప్లేటు అది.

చాచా పర్మిషన్ తీసుకుని స్క్రూడ్రైవర్‌తో ముందున్న ప్లాస్టిక్ పలక విప్పా. అమెరికన్ బేస్ అయితే వాల్యూమ్ నాబ్ కింద ఉండే పాట్ మీద నంబర్ ఉంటుంది. ఉదాహరణకి 1376612 అనుకోండి. 137 అంటే తయారు చేసిన కంపెనీ కోడ్, 66 అంటే 1966, 12 అంటే పన్నెండో వారం. సర్వర్ లాగ్‌లో టైమ్‌స్టాంప్ చదివినట్టే. ఇక్కడ చిన్న సైజు పాట్‌లు, ఏ నంబరూ లేదు. నెక్ కూడా విప్పి చూశా. ఫుల్లర్టన్‌లో పనివాళ్లు నెక్ చివర పెన్సిల్‌తో తేదీ రాసేవాళ్లు, తర్వాత్తర్వాత ముద్ర వేసేవాళ్లు. ఇక్కడ ఉత్త చెక్క.

చెప్పాలా వద్దా? నోరు పెగల్లేదు. చాచా ఇల్లు చూశా, రెండు చోట్ల బకెట్లు పెట్టి ఉన్నాయి. వానలు మొదలైతే రేకులు మార్పించాలి, అందుకే అమ్ముతున్నాడు. వేళ్ల కీళ్లు కూడా వాచాయి, వాయించలేడు.

"చాచా, ఇది ఫెండర్ కాదు" అన్నా చివరికి.

చాచా నవ్వాడు. "నాకు తెల్వదా బేటా? ఆ పేరు నేనే అతికించిన. 88ల. మా అన్న జెడ్డాకెళ్లి తెచ్చినప్పుడు ఏదో వేరే పేరుండె, ఎవనికీ తెల్వని పేరు. ఒక పార్టీ ఆయన ఫెండర్ ఉన్నోన్నే పిలుస్తా అన్నడు. స్టిక్కర్ చేపిచ్చిన. ఆ సీజన్ల నలభై పెండ్లిళ్లు కొట్టిన."

"మరి 62 అని చెప్పిండ్రు కదా?"

"మా మనవడు ఫోటో పెట్టిండు ఫోన్ల. ఎవరో 62 లెక్క ఉంది అన్నరు. లెక్క ఉంది అనే మాట నేను మింగేసిన." కాసేపాగి, "తప్పే" అన్నాడు.

తర్వాత నెక్ మళ్లీ బిగించి వాయించా. దాని మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు, ఎప్పటివో చాచాకే గుర్తులేదు. ఇంతసేపూ నేను చెప్పిన ఆ డుబ్ డుబ్ సౌండ్ ఆ రేకుల గదిలో వచ్చింది. పక్కింటి ఆంటీ కిటికీలోంచి చూసింది. లోపాలు కూడా చెప్తా. మొదటి ఐదు ఫ్రెట్లు అరిగిపోయాయి, రిపేర్‌కి ఆరు వేలన్నా అవుతుంది. టోన్ నాబ్ తిప్పితే గరగర. బాడీ ఒకే చెక్క కాదు, పొరలు అతికించింది. నెక్ మాత్రం గీత గీసినట్టు ఉంది.

ఇంటికొచ్చి లెక్కేశా. నా కొత్త మెక్సికో ఫెండర్‌కి నాలుగు తీగలే. నా పాతదానికీ నాలుగే. నాకు నిజంగా లోటున్నది రెండు చోట్ల. ఒకటి పాత పాటల సౌండ్. రెండోది ఈ మధ్య బ్యాండ్‌లో వాయించే పాటల్లో ఆ లావు తీగ కన్నా కిందికి పోయే నోట్లు. ఇది కూడా చరిత్రే. 1983లో యమహా డీఎక్స్7 లాంటి కీబోర్డులు వచ్చాక సింథ్ బేస్ గిటార్‌కి అందనంత కిందికి పోయింది, దాన్ని అందుకోవడానికే ఐదు తీగల బేస్‌లు పాపులర్ అయ్యాయి. కొత్త ఫెండర్ ఈ రెండిట్లో ఏదీ తీర్చదు. మెరుస్తుంది, నెక్ మీద వారంటీ ఉంటుంది, వీడియోలో బాగుంటుంది. ఆ మూడోది నాకు చిన్న ఆశ కాదు, ఒప్పుకుంటా.

చివరికి ఏం చేశానంటే, ఐదు తీగల సెట్ కొని అందులో పైన ఉండే సన్నదాన్ని పక్కన పెట్టి, కింది నాలుగూ నా పాత బిగినర్ బేస్‌కి ఎక్కించా. తీగలు లావు కాబట్టి నట్‌లో గాడులు కొంచెం వెడల్పు చేయించాలి, అంతే. ఇప్పుడది 31 హెర్ట్జ్ దాకా పోతుంది. చాచా బేస్‌కి 40 వేలు ఇచ్చా. పేరులేని జపాన్ కాపీకి ఇక్కడ అంత రాదు, ముప్పై వస్తే గొప్ప. పైన ఉన్న పదిలో నా జాలి ఎంత, ఆ తీగల రేటు ఎంత అని నన్ను అడగొద్దు. చాచా కూడా బేరమాడలేదు. రేకుల మేస్త్రీకి అప్పుడే ఫోన్ చేశాడు.

"ఆ పేరు పీకేస్తవా?" అని అడిగాడు నేను లేస్తుంటే.

పీకలేదు. కానీ రేపు నేనో, నా తర్వాత ఇంకెవడో దీన్ని అసలు ఫెండర్ అని అమ్మకూడదు కదా. రిపేర్ కోసం నెక్ మళ్లీ విప్పినప్పుడు, ఫుల్లర్టన్ వాళ్లు రాసే చోటే పెన్సిల్‌తో రాశా. "జపాన్, 1970లు. జెడ్డా నుంచి వచ్చింది. పేరు స్టిక్కర్, 1988, మాదన్నపేట. నలభై పెళ్లిళ్లు."

(చివర్లో వాయించింది ఆ బేస్‌తోనే. తీగలు మార్చలేదు.)